జిల్లేడు మీది రంగుల చుట్టం

రండి, మంటకి కాస్త దగ్గరగా జరగండి. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు గానీ, ఈ ఏడాది దాని వాలకం చూస్తే అంత తొందరపడేలా లేదు. కొబ్బరి మట్టలు ఇంకో రెండున్నాయి. అవి కాలేలోగా కబుర్లు కూడా అయిపోతాయి.

మొన్న రథసప్తమికి తెల్లవారకుండానే జిల్లేడాకులకు బయలుదేరాను. మా ఇంటావిడ లెక్కలో మనిషికి ఏడాకులు, ఒక్కటి తగ్గినా స్నానం స్నానం కాదు. రైలుకట్ట పక్కన బీడులో నడుమెత్తు జిల్లేళ్లు పది దాకా ఉన్నాయి. మంచులో తడిసి, బూడిద పూసుకున్నట్టున్న వెడల్పాటి ఆకులు. ఒక్క చిల్లు లేదు, ఒక్క అంచు కొరికి లేదు. ఆవిడ వాటిని చూసి మురిసిపోయింది. "ఈసారి మంచి ఆకులు తెచ్చారండీ" అంది. ఏడాదికోసారి దొరికే మెప్పు. అయినా నాకెందుకో పెళ్లివాళ్లు ఖాళీచేసి వెళ్లిన విడిదింట్లోకి వచ్చినట్టే ఉంది. ఆకు చిల్లులు పడి ఉండాలి, కొమ్మ మీద దొరగారు కూర్చుని ఉండాలి. అప్పుడు గదా అది జిల్లేడు!

దొరగారంటే మిడతండీ. జిల్లేడు మిడత. చూశారా ఎప్పుడైనా? చూసే ఉంటారు, పేరు పెట్టి పిలిచి ఉండరు. పెద్దదైతే మధ్యవేలంత ఉంటుంది. ఒంటి నిండా చారలు: ఒకటి గడపకు రాసిన పసుపంత పసుపు, పక్కది నెమలి మెడలో కనిపించే నీలం. పై రెక్కలు ఆకుపచ్చ, వాటి మీద పసుపు చుక్కలు. లోపలి రెక్కలు లేత ఎరుపు. ఎగిరితే తప్ప బయటపడని ఎరుపు అది. మా అమ్మమ్మ పెట్టెలో అడుగున దాచిన పట్టుచీర లాంటిది. పిల్ల మిడత అలంకారం వేరు. ఆకుపచ్చ కలిసిన పసుపు ఒంటి మీద సన్నటి నల్ల గీతలు, అక్కడక్కడా ఎర్రటి బొట్లు. ఎండలో ఈ పిల్లలు పదీ పదిహేనూ ఒకే కొమ్మ మీద చేరితే ఎవరో రంగుల పెట్టె తెరిచి జిల్లేడు మీద ఒలకబోసినట్టుంటుంది.

దీనికి శాస్త్రం పెట్టిన పేరు పోసిలోసెరస్ పిక్టస్. 1775లో ఫాబ్రిషియస్ అనే డెన్మార్కు పండితుడు దీన్ని గ్రంథానికెక్కించాడు. లిన్నేయస్ దగ్గర చదువుకున్న మనిషి. పిక్టస్ అంటే రంగులద్దినది. మొదటి మాటకు రంగురంగుల కొమ్ములది అని అర్థం, కొమ్ములంటే మీసాలే. హిందీవాళ్లు దీన్ని ఆక్ కా టిడ్డా అంటారు, ఆక్ అంటే జిల్లేడే. మనకు గొల్లభామ అనే చక్కటి మాట ఉంది కదా అంటారేమో. ఉంది గానీ, ఒక్కో ఊళ్లో దాన్ని ఒక్కో పురుగుకు తగిలించారు. పంచాయితీ తెగదు, జిల్లేడు మిడత అనే అనుకుందాం.

చిన్నప్పుడు దీనితో నాకో పరాభవం జరిగింది. అప్పట్లో మా పని బడి వదలగానే తూనీగల తోకలకు దారం కట్టడం. పాపం అని ఇప్పుడనిపిస్తుంది, అప్పుడు అనిపించలేదు. ఒక వానాకాలం సాయంత్రం మా చిన్నాన్న కొడుకు, "అన్నా, తూనీగలకేం గానీ, రంగుల మిడతకు కడదాం రా, అదైతే ఎగిరిపోదు" అన్నాడు. నిజంగానే ఎగిరిపోలేదు. మేం వెళ్లి పక్కన నిలబడ్డా గెంతలేదు. పిల్ల మిడత, ఇంకా రెక్కలు రాలేదు. నేను రెండు వేళ్లతో నడుం దగ్గర పట్టుకుని, దాని మొహం ఎలా ఉందో చూద్దామని నా మొహం దగ్గరికి తెచ్చుకున్నాను. అంతే. చిర్రుమని పిచికారీ కొట్టినట్టు చెంప మీద పడింది. పాలలా తెల్లగా, కాస్త జిగురుగా, వాసన చెప్పుకోలేనట్టు. అదిరిపడి ఇంకా గట్టిగా నొక్కానేమో, రెండోసారీ కొట్టింది, మూడోసారీ కొట్టింది.

ఇంటికెళ్తే మా అమ్మమ్మ తిట్టిన తిట్లు మిడతకు కాదు, నాకే. బావి గట్టు మీద కూలేసి చెంబులతో నీళ్లు గుమ్మరిస్తూ, "ఒరే వెధవా, జిల్లేడు పాలు కంట్లో పడితే కళ్లు పోతాయిరా" అంది. "జిల్లేడు కాదే అమ్మమ్మా, మిడత" అన్నాను ఏడుస్తూనే. "ఏదైతేనేం! దాని పాలు తాగి బతికేదానికి దాని గుణం రాదూ?" అంది.

ఆ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాం.

ఈ మిడత వీపున, పొట్ట మొదలయ్యేచోట మొదటి కణుపుకీ రెండో కణుపుకీ మధ్య సన్నటి చీలిక ఉంటుంది. పిచికారీ అక్కడిదే. ఎటు నుంచి గిల్లితే అటువైపుకే తిప్పి కొడుతుంది. రెండంగుళాలు మొదలుకుని అంతకన్నా దూరానికే వెళ్తుంది ధార. చెంప దాకా రాదులే అనుకోవడం నా అజ్ఞానం. రెక్కలొచ్చాక ఈ విద్య తగ్గుతుంది. చీలిక రెక్కల కింద పడిపోతుంది కాబట్టి, అప్పుడు ధార రాదు, రెక్కల అంచుల నుంచి బుడగలు బుడగలుగా నురగ పొంగుతుంది. చిన్నతనంలో చిమ్మడం, పెద్దయ్యాక నురగలు కక్కడం. మనలోనూ చూస్తాం కొందర్ని.

ఇప్పుడు అమ్మమ్మ మాట దగ్గరికి వద్దాం. నా మనవరాలు టెక్సాస్‌లో ఉంటుంది. ఆ మధ్య వీడియో కాల్‌లో పెరటి మొక్క చూపించింది. "తాతయ్యా, ఇది మిల్క్‌వీడ్. మోనార్క్ సీతాకోకచిలుకలు దీనిమీదే గుడ్లు పెడతాయి. దీని పాలు విషం, గొంగళి తిని ఒంట్లో దాచుకుంటుంది. ఆ సీతాకోకచిలుకను పిట్ట మింగితే వాంతి చేసుకుంటుంది" అని గుక్కతిప్పుకోకుండా చెప్పింది. ఆ పిట్ట బ్లూ జే. లింకన్ బ్రోవర్ అనే శాస్త్రజ్ఞుడు దానికి మోనార్క్‌ను తినిపిస్తే వాంతి చేసుకున్న ఫొటో పురుగుల శాస్త్రం చదివినవాళ్లకు బాగా పరిచయం. నేను మొక్కను తేరిపార చూశాను. తుంచితే పాలు, కాయ పగిలితే దూదితో ఎగిరే గింజలు. "అమ్మలూ, ఇది మన జిల్లేడుకు దగ్గర చుట్టమే. మనకూ దాన్ని తినేవాళ్లు ఇద్దరున్నారు. ఒకటి మీ మోనార్క్‌కు వేలువిడిచిన తమ్ముడు లాంటి నారింజ రంగు సీతాకోకచిలుక. రెండోది నా చెంప మీద కొట్టింది" అన్నాను. రెండోదాని కథ మూడుసార్లు చెప్పించుకుంది.

అమ్మమ్మ చెప్పిన మాట శాస్త్రజ్ఞుల చేతిలో పడ్డది 1967లో. మన మిడతకు సొంత తోబుట్టువు లాంటిది ఒకటి ఈజిప్టు, అరేబియా ఎడారుల వైపు ఉంది, అదీ జిల్లేడు జాతి మొక్కల మీదే బతుకుతుంది. దాని పిచికారీని పరీక్షిస్తే అందులో తేలినవి కలాక్టిన్, కలోట్రోపిన్ అనే పదార్థాలు, రెండూ మొక్కలోవే. మిడత వాటిని తిని, అరిగించుకోకుండా పక్కకు తీసి, తన తిత్తిలో నింపుకుంటోందన్నమాట. ఈ పని చేసినవాళ్లలో ఇద్దరు గట్టివాళ్లు. ఒకరు టాడ్యూస్ రైక్‌స్టైన్, కార్టిజోన్ పరిశోధనకు 1950లో నోబెల్ పంచుకున్న ఆయన. రెండో మనిషి మిరియం రాత్‌షైల్డ్, ఆగర్భ శ్రీమంతుల ఇంట పుట్టి పురుగుల వెంట, ముఖ్యంగా మిన్నల్లుల వెంట, జీవితమంతా తిరిగిన ఇంగ్లండు ఆవిడ. మన మిడత పిచికారీలోనూ ఉన్నది ఈ జాతి విషమే.

ఇది గుండెకు తగిలే విషం. గుండె కండరంలో ప్రతి కణానికీ సోడియాన్ని బయటికి తోసి పొటాషియాన్ని లోపలికి లాగే పంపు ఒకటుంటుంది. ఈ విషం వెళ్లి ఆ పంపును పట్టుకుంటుంది. కొలిచి ఇస్తే మందు, కొలత తప్పితే మృత్యువు. గుండె జబ్బుకు డాక్టర్లు డిగాక్సిన్ అని రాస్తారే, అదీ ఈ వంశమే. అది వచ్చే డిజిటాలిస్ మొక్క మీద విలియం విథరింగ్ 1785లోనే పుస్తకం రాశాడు. ఇంతటి దాన్ని మన మిడత పొద్దున్నుంచి సాయంత్రం దాకా కరకర నమిలి కూర్చుంటుంది, గుండె దడ కూడా రాదు.

ఇక దానికి భయమెందుకుంటుంది చెప్పండి? పచ్చిక మీది పచ్చ మిడతను చూడండి. గడ్డి రంగులో గడ్డిలా ఒదిగి ఉంటుంది, అడుగు చప్పుడైతే చాలు, ఆరు బారల అవతల పడుతుంది. దాని చెవులు తలకు కాదు, పొట్ట పక్కన ఉంటాయి. మిడతల్లో చాలావాటికి అంతే. ప్రాణం ఆ చెవుల్లోనూ వెనక కాళ్లలోనూ పెట్టుకుని బతుకుతుంది. జిల్లేడు మిడతకు ఆ పరుగు లేదు. తొలకరి తర్వాత పెళ్లికొడుకులా ముస్తాబై నట్టనడుమ కూర్చుంటుంది. రంగులు అందం కోసం కావు, నన్ను ముట్టకండి అనే బోర్డు. ఒకసారి నోట పెట్టి ఉమ్మేసిన పిట్ట ఆ పసుపూ నీలమూ మళ్లీ మరిచిపోదు. మీరు మరీ దగ్గరికెళ్తే గెంతదు, మెల్లగా కొమ్మ చుట్టూ తిరిగి అవతలి పక్కకు పోతుంది. మీరు అటు వెళ్తే ఇటు వస్తుంది. కరణం గారి అరుగు దగ్గర బాకీదారు తిరిగినట్టు.

ఇక్కడ నాకు మిడతంభొట్లు గుర్తొస్తాడు. రాజుగారు గుప్పిట్లో మిడతను దాచి "ఏముందో చెప్పు" అంటే, ఏమీ రాని ఆ జోస్యుడు, మిడతంభొట్లూ నీ పని అయిపోయిందిరా అని తన్ను తాను తిట్టుకుని బయటపడ్డాడు కదా. ఆ మిడత గడ్డి మిడతే అయ్యుండాలి. జిల్లేడు మిడతైతే రాజుగారే గుప్పిట విప్పి చెయ్యి దులుపుకునేవారు, జోస్యం అక్కర్లేకపోయేది.

నవ్వుకున్నాం గానీ, ఒక మాట అడుగుతాను. జిల్లేడుకు మనం ఇచ్చిన మర్యాద తక్కువా? సూర్యుడి చెట్టన్నాం, అర్కమన్నాం. తెల్ల జిల్లేడు వేరులో వినాయకుణ్ణి చూశాం. వినాయకచవితికి బెల్లం కొబ్బరి పెట్టి చేసే ఉండ్రాళ్ల అక్కచెల్లెళ్లకు జిల్లేడుకాయలని పేరు పెట్టుకున్నాం. మూడో పెళ్లి అచ్చిరాదని, ముందు జిల్లేడుకు తాళి కట్టించి, ఆ మూడో గండం దాని నెత్తిన రుద్ది, పిల్లను నాలుగో భార్యగా చేసుకున్న పెద్దమనుషులున్నారు. ఇన్ని చేశాం. ఆ చెట్టునే నమ్ముకుని, ఆ చెట్టు మీదే పుట్టి, పెరిగి, పెళ్లాడే ఈ ప్రాణికి మాత్రం ఒక పాట లేదు, ఒక పిట్టకథ లేదు. నేనైతే వినలేదు.

అన్ని చోట్లా ఇలా లేదు. ఆస్ట్రేలియా ఉత్తరాన కకాడు కొండల్లో మన మిడత కుటుంబానికే చెందిన మరో అందగత్తె ఉంది. నారింజ ఎరుపు మీద నీలం, నల్ల చుక్కలు. ఇసుకరాతి గుట్టల మీద పెరిగే ఘాటు వాసన పొదలే దాని ఇల్లూ తిండీ. 1845లో లూడ్విగ్ లైక్‌హార్ట్ అనే యాత్రికుడు అటు పోతూ చూశాడు, ఇంగ్లీషులో ఆయన పేరే దానికి నిలిచింది. మూడేళ్లకు ఆయన మరో యాత్రలో దారి తప్పి మళ్లీ కనబడలేదు. మిడతా అంతే, వందేళ్లకు పైగా శాస్త్రజ్ఞుల కంటపడలేదు, మళ్లీ దొరికింది 1970లలో. అయితే అక్కడి ఆదివాసులకు అది ఎప్పుడు తప్పిపోయింది గనక! వాళ్లు దాన్ని అల్యుర్ అంటారు. మోకాళ్లకూ మోచేతులకూ రాతి గొడ్డళ్లు కట్టుకుని మేఘాల్ని కొట్టి మెరుపులు పుట్టించే నమర్గోన్‌కు ఇవి పిల్లలట. వానలకు ముందు బయటికొచ్చి తండ్రిని పిలుస్తాయట. నమర్గోన్ బొమ్మ అక్కడి కొండ రాతి మీద ఇప్పటికీ ఉంది. పురుగు రంగు చూసి మెరుపుకు బిడ్డ అన్నారు చూడండి, అదీ చూపంటే!

మన మిడతకు పత్రికల్లో పేరు రావడానికి 2020 దాకా పట్టింది. అదీ తప్పు పేరు. ఆ ఎండాకాలం గుర్తుంది కదా, కరోనాతో తలుపులేసుకుని కూర్చున్నాం, పైగా రాజస్థాన్ మీదుగా ఎడారి మిడతల దండు మహారాష్ట్ర దాకా వచ్చిందని టీవీలు హోరెత్తించాయి. తెలంగాణ సరిహద్దు జిల్లాల్లో జాగ్రత్తలు మొదలయ్యాయి. మే నెలాఖరులో అనంతపురం జిల్లా రాయదుర్గంలో ఒక జిల్లేడు నిండా మిడతలు కనబడేసరికి ఊరు ఊరంతా హడలిపోయింది. దండు వచ్చేసిందన్నారు. తమిళనాడు కృష్ణగిరి వైపూ అదే గగ్గోలు. తీరా అధికారులు, శాస్త్రజ్ఞులు చూసి తేల్చిందేమంటే, అవి జిల్లేడు మిడతలు, ఇక్కడివే, పంటకు వచ్చిన ముప్పు లేదు. తరతరాలుగా మన కంచె పక్కన ఉన్నవాణ్ణి పరాయి దేశం దొంగ అనుకుని కేకలు పెట్టాం!

రెండింటికీ పోలిక లేదండీ. ఎడారి మిడత విడిగా ఉంటే సాధువు, గుంపులో పడితే రంగు, నడత, ఆకలి అన్నీ మారిపోయి దండు కడుతుంది. అది రెండు రకాల పురుగు కాదు, ఒకే పురుగు రెండు అవతారాలని ఉవరోవ్ అనే రష్యన్ శాస్త్రజ్ఞుడు 1921లో చెప్పాడు. జిల్లేడు మిడతకు ఈ అవతారం లేదు. ఎగరడమే బద్ధకం దానికి, దేశాలేం దాటుతుంది? అలాగని దాన్ని పూర్తిగా వెనకేసుకురాను. జిల్లేడు మోడైపోయాక ఆకలికి పక్క చేలోకి దిగిన రోజులూ ఉన్నాయి. ఉత్తర భారతంలో ఇది పంటలకు కొత్త చీడగా మారుతోందని హేమ్ సింగ్ ప్రూథీ, నిగమ్ 1939లోనే రాశారు. అయితే జిల్లేడు నిండుగా ఉన్నంతకాలం దాని జోలికి మనం పోనక్కర్లేదు, మన జోలికి అది రాదు.

ఆడ మిడత గుడ్లు పెట్టే తీరు ఒక్కటి చెప్పి వదిలేస్తాను. పొట్ట చివరను గునపంలా నేలలోకి దించుతుంది, దాదాపు జానెడు లోతు. అంత పొడవు దానికి ఎక్కడిదంటే, కణుపులు సాగి సాగి దిగుతాయి. అక్కడ నూటయాభై దాకా నారింజ రంగు గుడ్లు ఒత్తుగా చుట్టలా పేర్చి, చుట్టూ నురగ కక్కుతుంది. ఆ నురగ గట్టిపడి నీళ్లు దూరని డొల్ల అవుతుంది. పైన మట్టి ఎండినా, వాన ముంచినా లోపలి గుడ్లు తమ వేళ కోసం కాచుకుని ఉంటాయి. పొదిగాక పిల్లలు మట్టిలో నుంచి పైకి పాక్కుంటూ వచ్చి, నేరుగా జిల్లేడెక్కి, కుబుసం మీద కుబుసం విడుస్తూ పెద్దవుతాయి. గొంగళి గూడు కట్టి మారిపోయినట్టు మారవు, పుట్టుకతోనే మిడత ఆకారం. రెక్కలు మాత్రం చివరికొస్తాయి.

కాబట్టి మొన్న రైలుకట్ట దగ్గర నేను ఆకులు తెంపుకుంటున్నప్పుడు దొరగారు లేరనుకోవడం నా పొరపాటేమో. నా చెప్పుల కిందే, జానెడు లోతున ఉండి ఉంటారు.

ఊరు పెరిగిపోతోంది, జిల్లేళ్లు ఎక్కడుంటాయి అని మా ఇంటావిడ అంటుంది. నేనంతగా బెంగపెట్టుకోను. జిల్లేడుకు కావలసింది ఎవరికీ పనికిరాని నేల. చెరువు కట్ట, శ్మశానం, రైలు పట్టాల అంచు, కంకర గుట్ట. ఇప్పుడైతే వెంచర్లు వేసి, చదును చేసి, రాళ్లు పాతి, ధర పెరిగేదాకా వదిలేస్తున్నారే, ఆ ప్లాట్లలో మొదట మొలిచేది జిల్లేడే. రియల్ ఎస్టేటు వాళ్లు తెలియకుండా చేస్తున్న పుణ్యం అదొక్కటి.

మంట ఆరుతోంది, నిప్పులు కదపకండి. వానలు పడ్డాక మీ వీధి చివర ప్లాటులోకి ఓ సాయంత్రం వెళ్లి చూడండి. పిల్లల్నీ తీసుకెళ్లండి, గిల్లవద్దని ముందే చెప్పండి, గిల్లినా మొహం దూరంగా పెట్టమనండి. మొదట ఏమీ కనబడకపోతే వెనక్కి రాకండి. కొమ్మకు అవతలి పక్క చూడండి, మీరు రావడం చూసి అటు తిరిగి ఉంటుంది.